తాతబాబు చెప్పిన చోటు

తాతబాబు గురించి రాయాలని అనుకోవడం మొదలై రెండేళ్లు కావస్తోంది. వాయిదాలు వేయడంలో నన్ను మించినవాళ్లు లేరని మా ఆయన కెన్నీ అంటాడు. అది నిజమే గానీ, ఇది బద్ధకం వల్ల ఆగింది కాదు. ఆయన గురించి రాస్తే నా గురించి కూడా రాయాలి, అదీ సంగతి. మొన్న జూలైలో జరిగిన ఒక చిన్న విషయం తర్వాత ఇక ఆగడం నా వల్ల కాలేదు. పేర్లు మార్చి రాయనా అని వాళ్లావిడ వరహాలమ్మని అడిగాను. "మార్చడమెందుకు, ఉన్న పేర్లే ఎట్టు" అంది. అందుకే ఉన్న పేర్లతోనే రాస్తున్నాను. నా పేరు దీనా.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మద్దిలపాలెంలో బస్ డిపో వెనక, మెట్లెక్కి పైకి వెళ్తే మా ఆఫీసు. అండమాన్‌కి తూర్పున, నడిసముద్రంలో మనుషులు లేని దీవి ఒకటుంది. ఆ దీవే ఒక అగ్నిపర్వతం. దాన్ని కనిపెట్టుకుని ఉండటం మా పని. విశాఖలో కూర్చుని ఎక్కడో ఉన్న కొండని కాయడమేమిటని మా చుట్టాలంతా నవ్వుతారు. ఇంటి దగ్గర పాలు పొంగకుండా చూసుకోలేనిదానివి, కొండ పొంగడం నువ్వేం చూస్తావని మా అత్తగారి ఎకసెక్కం.

దానికి దగ్గర్లో ఉన్న ఇంకో దీవి మీద నేల కదలికను పట్టే యంత్రం ఒకటి పెట్టారు. అది పంపే గీతలు మా కంప్యూటర్లో పడతాయి. కొండ లోపల కరిగిన రాయి పైకి జరుగుతుంటే ముందు నేల సన్నగా వణుకుతుంది. చుట్టూ నీళ్లు వేడెక్కుతాయి, రంగు మారతాయి, గంధకం వాసన వస్తుంది, చేపలు తేలతాయి. కొండ చెప్పాపెట్టకుండా పేలదని మా ఆఫీసరు సుందర్ రాజ్ గారు ప్రతి మీటింగులోనూ అంటారు.

యంత్రం ఒక్కటీ చాలదు. గాలివానకి దాని సోలార్ పలక పడిపోతే గీతలు ఆగిపోతాయి. పైనుంచి ఉపగ్రహం తీసే ఫొటోలకి మబ్బులు అడ్డం. అందుకని ఆ నీళ్లలో వేటాడే బోట్లకి తలా ఒక థర్మామీటరు, తాడు కట్టిన బకెట్టు, ఒక పుస్తకం ఇచ్చారు. దీవి వైపు వెళ్లినప్పుడల్లా నీళ్లు తోడి వేడి చూసి, రంగూ వాసనా గుర్తు పెట్టుకుని, పోర్ట్ బ్లెయిర్ ఒడ్డుకి రాగానే ఫోన్ చేసి చెప్పాలి. ఆ బోట్ల మీద పనిచేసేవాళ్లలో సగంమంది మన ఉత్తరాంధ్ర జాలర్లే. వాళ్ల మాట అర్థమయ్యే మనిషి కావాలని ఈ ఆఫీసు ఇక్కడ పెట్టారు. ఆ మనిషిని నేను. వాళ్లు చెప్పినవన్నీ కూడేసి ప్రతి సోమవారం ఒక కాగితం తయారుచేస్తాను. సుందర్ రాజ్ గారు సంతకం చేస్తే అది అక్కడి హార్బర్ బోర్డు మీద అంటిస్తారు. దీవి దగ్గరికి పోవచ్చా, పోకూడదా అనేది ఆ కాగితం చూసి బోట్లవాళ్లు తేల్చుకుంటారు.

ఆ థర్మామీటర్లు పంచడానికి ఫిషింగ్ హార్బర్ దగ్గర హాల్లో పెట్టిన శిక్షణలోనే తాతబాబుని మొదట చూశాను. యాభై దాటిన మనిషి, నల్లగా, పొట్టిగా, తెల్ల బనీను మీద గళ్ల కండువా. చేతిలో థర్మామీటరు తిప్పితిప్పి చూసి, "ఇది జొరం సూసే గొట్టం కదేటి. ఏటి మేడమ్, సముద్రానికి జొరమొచ్చిందా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వేసి, వచ్చిందో లేదో మీరే చూసి చెప్పాలన్నాను. చెప్పినట్టే చేశాడు. మిగతావాళ్లు పది ట్రిప్పులకి ఒకసారి ఫోన్ చేస్తే తాతబాబు ప్రతి ట్రిప్పుకీ చేసేవాడు. చదువు రాదు. అంకెలు మాత్రం గుర్తుపట్టి పుస్తకంలో బొమ్మ గీసినట్టు గీసేవాడు.

ఆయనది పెద జాలారిపేట. పదేళ్లకే తండ్రితో తెప్ప ఎక్కాడు. తర్వాత ఫైబర్ బోటు, ఆ తర్వాత ఇంజను బోట్లు. ఇక్కడ చేపలు తగ్గి అండమాన్ బాట పట్టినప్పటికి ముప్పయ్యేళ్లు. అక్కడ ఒక బోటుకి సరంగు అయ్యాడు, అంటే బోటు నడిపే పెద్ద. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడ, నాలుగు నెలలు ఇక్కడ. వరహాలమ్మ మాత్రం ఇక్కడే. తట్ట నెత్తిన పెట్టుకుని మా ఆఫీసు వీధిలోకే చేపలు తెచ్చేది. నేను ఫోన్లో మాట్లాడేది వాళ్లాయనతోనని తెలిసిన రోజు నుంచి నాకు బేరం ఆడే పని తప్పింది. మంచి చేప అనుకుంటే ఇచ్చేది, కాదనుకుంటే "నీకిది వద్దులే" అని తీసుకుపోయేది.

వరహాలమ్మకి గవర్రాజు అని తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి మూడేళ్లు. ఆవిడే పెంచింది. తాతబాబు పెళ్లి చేసుకున్నది ఇద్దరినీ అని పేటలో వేళాకోళం చేసేవాళ్లట. పెద్దయ్యాక బావ వెంటే అండమాన్ పోయాడు, బావ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్లకే వేరే బోటుకి సరంగు అయ్యాడు. అప్పుడు తాతబాబు నాకు ఫోన్ చేసి, నీళ్ల సంగతి చెప్పడం మరిచిపోయి, గవర్రాజు బోటు సంగతే పది నిమిషాలు చెప్పాడు.

ఒక వేసవిలో, వేట నిషేధం రోజుల్లో, ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. మాటల్లో మాటగా, "నీళ్లు ఎక్కడ తోడారో ఆ చోటు అడిగితే మీవాళ్లు ఎందుకు నీళ్లు నములుతారండీ?" అని అడిగాను.

"సేప పడిన సోటు ఎవులడిగినా ఉన్నది సెప్పం మేడమ్" అన్నాడు. "తూరుపైతే పడమరంటాం. సొంత తమ్ముడడిగినా అంతే. అడిగినోడికీ తెలుసు ఈడు నిజం సెప్పడని. కోప్పడడు. రేపు ఆణ్ణి నానడిగితే ఆడూ అంతే కదా."

"అయితే ఎవరికీ చెప్పరా?"

"ఇంటిదానికి సెప్తాం. ఆ రోజే ఫోన్ సేసి సెప్పీత్తాం. రేపు మనం తిరిగి రాకపోతే ఎక్కడ ఎతకాలో ఒకలికి తెలియాల గదా."

నేను తల పట్టుకున్నాను. వాళ్లలో వాళ్లకి ఇది అబద్ధమే కాదు. చెప్పేవాడు చెప్తాడు, వినేవాడు తీసేయాల్సింది తీసేసి వింటాడు. కానీ మా ఆఫీసు ఫారంలో తీసేయడానికి గడి లేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకుపోతాం.

అప్పుడే ఒక కిటుకు కనిపెట్టాను. చోటు అడిగాక, ఏమీ ఎరగనట్టు, "ఎన్ని గంటలు నడిపారండీ?" అని అడిగేదాన్ని. చోటంటే దాస్తారు గానీ, గంటలు దాచాలని ఎవరికీ తోచదు. గంటల్ని బట్టి ఎంత దూరం పోయి ఉంటారో లెక్క తేలుతుంది. చెప్పిన చోటుకి, లెక్కకి పొంతన కుదరకపోతే పెన్సిల్‌తో పక్కన అసలు దూరం రాసుకుని, అదే ఫారంలోకి ఎక్కించేదాన్ని. సుందర్ రాజ్ గారికి కూడా ఈ సంగతి చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

ఆ అక్టోబరులో యంత్రం మూగబోయి మూడు వారాలైంది. బాగుచేసేవాళ్లు సముద్రం నెమ్మదించాక పోతామన్నారు. ఫొటోల్లో తెల్ల మబ్బు తప్ప ఏమీ లేదు. అంటే ఆ మూడు వారాలు ఆ కొండకి కన్నూ చెవీ బోట్లవాళ్ల ఫోన్లే. ఇది నాకు బాగా తెలుసు. తెలియదని ఎవరైనా నన్ను వెనకేసుకొస్తే ఒప్పుకోను.

శనివారం సాయంత్రం అయిదు కావస్తోంది. ఆఫీసులో నేనొక్కదాన్నే. మర్నాడు మా చర్చిలో కోత పండగ. క్వయర్‌లో పదేళ్లుగా వెనక వరుసలో పాడుతున్న నాకు మొదటిసారి ఒక చరణం ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. అయిదున్నరకి ఆఖరి ప్రాక్టీసు. కింద కెన్నీ బండి మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు. బ్యాగు భుజాన వేసుకుని లైటు తీసేశాక ఫోన్ మోగింది.

"మేడమ్, తాతబాబుని. ఇప్పుడే ఒడ్డుకొచ్చాను."

"చెప్పండి" అన్నాను, కూర్చోకుండానే.

"నీళ్లు ముప్పైనాలుగు సూపించింది. రెండుసార్లు తోడి సూసినాను. రంగు బియ్యం కడుగులాగుంది. అగ్గిపుల్ల గీసినట్టు వాసనేత్తంది. సేపలైతే మత్తెక్కినట్టు పైకొచ్చీసినాయి మేడమ్, సేత్తో తీసుకోడమే. నా ఒయసులో అలాటి వేట సూడనేదు."

ఆ నీళ్లు మామూలుగా ఇరవై తొమ్మిది, మహా అయితే ముప్పై. ఇది మామూలు కబురు కాదని నాకు తోచింది. అది కూడా దాచను.

"చోటెక్కడండీ?"

ఒక్క క్షణం ఆగాడు. వెనక ఐసు కొడుతున్న చప్పుడు, మనుషుల గోల వినబడుతున్నాయి.

"దీవికి ఉత్తరంగా మేడమ్. ముప్పై మైళ్ల అవతల."

మా రూలు ఇది. దీవికి పది మైళ్ల లోపల తేడా కనిపిస్తే వెంటనే సుందర్ రాజ్ గారికి చెప్పాలి, అటు హార్బర్‌కీ తీర రక్షణ వాళ్లకీ కబురు పంపాలి, వాళ్లందరి దగ్గరనుంచీ అందిందని జవాబు వచ్చేదాకా కుర్చీ వదలకూడదు. మూడు గంటల పని. పది మైళ్లు దాటితే రిజిస్టర్లో ఒక వరుస రాస్తే చాలు.

ముప్పై మైళ్ల అవతల నీళ్లు అంత వేడెక్కవు. చేపలు తేలేంత గంధకం అంత దూరం రాదు. ఇది కూడా నాకు తెలుసు. "ఎన్ని గంటలు నడిపారు?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? కింద మళ్లీ హారన్ మోగింది.

"సరేనండీ, రాసుకుంటాను" అన్నాను.

అటువైపు ఆయన ఇంకా ఫోన్ పెట్టలేదు. "అంతేనా మేడమ్?" అన్నాడు.

"అంతేనండీ" అని నేనే పెట్టేశాను. లైటు కూడా వేయకుండా, కిటికీ వెలుగులో రిజిస్టర్లో వరుస రాశాను. ముప్పై నాలుగు డిగ్రీలు, ఉత్తరంగా ముప్పై మైళ్లు. మెట్లు దిగుతూ పాట కూనిరాగం తీసుకున్నాను.

చరణం బాగానే పాడాను. అందరూ మెచ్చుకున్నారు.

సోమవారం కాగితం తయారైంది. "దీవి పరిసరాల్లో చెప్పుకోదగ్గ మార్పులు లేవు" అని నేనే టైపు చేశాను. సుందర్ రాజ్ గారు రిజిస్టరు చూసి, "ముప్పై మైళ్లంటే మనది కాదులే" అని సంతకం చేశారు. సాయంత్రానికల్లా అది హార్బర్ బోర్డు మీద ఉంది.

బుధవారం పొద్దున్న కొండ పేలింది. పెద్ద పేలుడేం కాదు, పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయంతే. ఆ సమయంలో దీవికి మైలు దూరంలో ఒకే ఒక్క బోటు ఉంది. అది గవర్రాజుది. వేడి బూడిద కమ్మేసింది, రాళ్లు పడ్డాయి. మిగతా అయిదుగురిని కింద గదిలోకి తోసి, తను పైన ఉండి లంగరు తాడు కోశాడట. తాడు తెగింది, బోటు కదిలింది. అయిదుగురూ కాలిన గాయాలతో బయటపడ్డారు. గవర్రాజు ఒడ్డుకి చేరకముందే పోయాడు.

సాయంత్రానికి మబ్బు విడిపోయి ఫొటో వచ్చింది. దీవిని ఆనుకుని పాలు ఒలికినట్టు తెల్లటి నీళ్లు. ఉత్తరంగా ముప్పై మైళ్ల దగ్గర నీలం తప్ప ఏమీ లేదు. తాతబాబుకి ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తాడు.

"మైలు కూడా నేదు మేడమ్" అన్నాడు. "కొండ నీడ మా బోటు మీద పడేంత దగ్గిర." ఆ తర్వాత అంతా ఏడుపే.

గవర్రాజు శవంతో పాటు విశాఖ వచ్చిన తాతబాబు మళ్లీ అండమాన్ వెళ్లలేదు. అసలు సముద్రం మీదికే వెళ్లలేదు. పేటలో ఎవరెవరివో వలలు బాగుచేస్తూ కూర్చునేవాడట. వరహాలమ్మ మా వీధిలోకి రావడం మానేసింది. నేను పరామర్శకి ఒక్కసారి వెళ్లి, పదిమంది ఆడవాళ్ల మధ్య రెండు నిమిషాలు నిలబడి, వచ్చేశాను. ఆ రోజు ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

డిసెంబరులో పైనుంచి విచారణ వచ్చింది. కాగితం ఎందుకు తప్పింది? నన్ను అడిగారు. రిజిస్టర్లో రాసింది చూపించాను. మరి అసలు చోటు ఎక్కడని అడిగారు. ఫోన్ చేసిన మనిషి తప్పు చోటు చెప్పాడన్నాను. ఆ ముక్కే ఒక వాంగ్మూలంగా టైపు చేసి, కింద తాతబాబు సంతకం తెమ్మని నన్నే పంపారు. నా మీద ఈగ వాలలేదు. గంటలు అడిగే అలవాటు నాకు ఉందని ఆ కాగితంలో లేదు. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

కాగితం బ్యాగులో పెట్టుకుని పెద జాలారిపేట వెళ్లాను. పదకొండు గంటల ఎండ. ఇంటి ముందు అరుగు మీద తాతబాబు వల ముందేసుకుని ఉన్నాడు. ఆ రెండు నెలల్లో పదేళ్లు ముసలివాడైపోయాడు. వరహాలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చాప వేసింది గానీ మాట్లాడలేదు. వాళ్లిద్దరి మధ్య కూడా మాటల్లేవని చూడగానే తెలుస్తోంది.

కాగితంలో ఏముందో చదివి వినిపించాను. తాతబాబు తలాడించాడు.

"ఉన్నదే కదా. సంతకం ఎక్కడ ఎట్టాల?" అన్నాడు. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "ఒక్కటే తెల్దు నాకు. ఆడికీ ఉత్తరమనే సెప్పాను. ఆడు అటెందుకెల్లినాడు?" అన్నాడు.

పెన్ను ఇవ్వబోయి ఆగాను. నేనేమీ గొప్ప మనిషినని కాదు. ఆయన పెన్ను కోసం అప్పటికే చెయ్యి చాపాడు, అది చూసి తట్టుకోలేకపోయాను.

"తాతబాబు గారూ, మీరు నిజం చెప్పలేదని నాకు ఆ రోజే తెలుసు. గంటలు అడిగుంటే తెలిసిపోయేది. నేను అడగలేదు" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

"మీరు అడుగుతారనే సూసినాను మేడమ్" అన్నాడు. "పక్కన పదిమంది ఉన్నారు. ఆళ్లు ఇంటన్నారనేసి ఉత్తరమన్నాను. మీరు పెతీసారీ గంటలడిగి మా దూరం లెక్కేసుకుంటారని నాకు ముందునించీ తెలుసు. అందుకే గంటలెప్పుడూ తప్పు సెప్పనేదు. ఆ రోజూ ఏడు గంటలని సెప్దామనే ఆగినాను. ముప్పై మైళ్ల అవతలికైతే తొమ్మిది పడతాది. మీరు పెట్టీసినారు."

నా కిటుకు, నా తెలివి అనుకున్నది ఆయన నాకు ఇచ్చిన దారి. పదిమందిలో ఉండి కూడా నాకు నిజం చెప్పడానికి ఆయన పెట్టుకున్న ఏర్పాటు అది.

"మల్లీ సేద్దామనుకున్నాను" అన్నాడు. "సేపల అమ్మకంలో పడిపోయినాను. సోమారం కాగితం సదివించుకుంటే ఏటీ నేదని ఉంది. మేడమ్ గారికి ఎలాగో తెలిసిపోయుంటాది, తెలిసే పరవానేదని రాసినారు కామాల అనుకున్నాను." నాకేసి తిరిగి, "ఏటి, ఆ రోజు ఒంట్లో బాగోనేదా?" అని అడిగాడు.

"చర్చిలో పాట ఉంది" అన్నాను. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఆ క్షణంలో దేవుణ్ణి నిజంగా కోరుకున్నాను.

వరహాలమ్మ చేట పక్కన పెట్టింది.

"ఆడు అటెందుకెల్లినాడో నానెరుగుదును" అంది.

తాతబాబు ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వు నాకు ఫోన్ సేసి కొండకి మైలు దూరమని సెప్పినావు కదా. మంగళారం ఆడు సేసినాడు. బావ ఉత్తరం అంటన్నాడు, నాకు తెల్దేటి బావ సంగతి, నువ్వు సెప్పు అప్పా అన్నాడు. నాను సెప్పీసినాను. కొత్త బోటు కదా, ఆడికీ ఒక మంచి వేట పడాలనిపించింది." ఆవిడ నేల మీద పడ్డ గింజలు ఏరుతోంది. "నీళ్లు ఏడిగున్నాయట, జాగర్త అని కూడా అన్నాను. బోర్డు మీద కాగితం ఫొటో తీసి పంపినాడు. పక్కింటి హేమశ్రీ సేత సదివించుకున్నాను. మారుపులేటీ నేవని ఉంది. అలాగైతే ఎల్లు అన్నాను."

నాకు అప్పటికి పూర్తిగా అర్థమైంది. తాతబాబు అబద్ధాన్ని గవర్రాజు నమ్మలేదు. నమ్మి ఉంటే ఉత్తరానికి పోయేవాడు, బతికేవాడు. వాళ్ల అక్క నిజమే చెప్పింది, జాగ్రత్త కూడా చెప్పింది. ఆ ఇంట్లో ముగ్గురూ నమ్మింది నేను టైపు చేసిన కాగితాన్ని.

"నువ్వా" అన్నాడు తాతబాబు.

"నానే" అంది వరహాలమ్మ. "రెండు నెల్లనించీ నువ్వు గోడకేసి కూసుంటే నాను సూత్తన్నాను. నోరు రానేదు."

ఆయన వల పక్కకి నెట్టాడు. తర్వాత లేచి వెళ్లి, గుమ్మంలో ఆవిడ పక్కనే కూలబడ్డాడు. ఆవిడ మోకాళ్లలో తల పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. ఆయన ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, నాకేసి చూసి, "ఆ కాగితం ఇలాగివ్వండి" అన్నాడు.

"వద్దండీ. ఇది మార్చి రాయిస్తాను. నాది తప్పని రాస్తాను."

"మారిత్తే మల్లీ అడుగుతారు. గవర్రాజుకి సోటెవులు సెప్పారంటారు. దీని పేరొత్తాది. పేటంతా తమ్ముణ్ణి ఇదే పంపిందంటారు. ఇది బతకదు మేడమ్." కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. "మీ ఉద్యోగం కూడా పోతాది. ఆ కుర్సీలో కొత్తోడొత్తే మా మాటలు ఆడికేటి తెలుస్తాయి? నాను అబద్దమాడింది నిజమే కదా. అదొక్కటీ ఉండనీండి."

అని పుస్తకంలో అంకెలు గీసినట్టే, తన పేరు మెల్లగా గీశాడు.

నేను ఆ కాగితం తీసుకొచ్చేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఇదంతా రాసి దండగ. నా తప్పు నేను రాసి ఇచ్చి ఉంటే వరహాలమ్మ పేరు బయటికి రావలసిన పనే లేదు. గంటలు అడగలేదు అని ఒక్క వాక్యం. గవర్రాజు అటు ఎందుకు వెళ్లాడని వాళ్లు అడిగింది లేదు, అడుగుతారని తాతబాబు భయం మాత్రమే. ఆ సంగతి బస్సు ఎక్కకముందే నాకు తట్టింది. అయినా వాళ్ల కోసమే ఊరుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఏప్రిల్‌లో నా కాంట్రాక్టు పొడిగించారు. ఆ తర్వాత ఏప్రిల్‌లోనూ పొడిగించారు. క్వయర్ మానేశాను, కెన్నీ ఎందుకని అడిగితే గొంతు బాగోలేదన్నాను.

విచారణ వల్ల ఒక మార్పు వచ్చింది. బోట్లవాళ్ల శిక్షణలో ఒక కొత్త పాఠం పెట్టారు. చోటు తప్పు చెప్తే ఏం జరుగుతుందో ఉదాహరణతో చెప్పాలి. ఉదాహరణ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పేరు చెప్పం. "ఒక మత్స్యకారుడు తప్పు చోటు చెప్పడం వల్ల ఒక ప్రాణం పోయింది" అని తెర మీద అక్షరాలు పడతాయి, నేను చదివి వినిపిస్తాను. తెలుగులో చెప్పగలిగేది నేనే కాబట్టి ఆ పాఠం నాదే.

మొన్న జూలైలో ఫిషింగ్ హార్బర్ హాల్లో అదే శిక్షణ. అరవై మంది దాకా ఉన్నారు. పాఠం మొదలుపెట్టాక చూశాను, ఆఖరి వరుసలో తాతబాబు. బోటు ఎక్కకపోయినా తన పేటవాళ్లని ఆయనే వెంటబెట్టుకుని తీసుకొచ్చాడట. దాటేసి తర్వాతి పాఠానికి పోదామనుకున్నాను. పక్క కుర్చీలో సుందర్ రాజ్ గారు ఉన్నారు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివేశాను.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలో ఎవరో, "ఎవుడాడు?" అన్నారు. తెలిసినవాళ్లు తలలు దించుకున్నారు.

తాతబాబు లేచి నిలబడ్డాడు.

"నానే" అన్నాడు. "మేడమ్ గారు సోటడిగితే నాను అబద్దమాడినాను. నా బావమరిది పోయినాడు. మీరు ఆడకండి. మేడమ్ గారు ఏది అడిగినా ఉన్నది సెప్పండి. ఆవిడ మంచి మనిసి."

అరవై మందీ నా వైపు చూశారు. నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. మైకు నా చేతిలోనే ఉంది.

"థాంక్సండీ, కూర్చోండి" అన్నాను. తర్వాతి బొమ్మ వేశాను.